సెంటినల్ లెక్క నమ్మొచ్చా? గుంటూరు హెచ్‌ఐవీ సంగతి

లెక్కలపిచ్చి:
మా బావకీ నాకూ వాదన తెగక ఇక్కడికి తెచ్చాను. జబ్బు లెక్క కావాలంటే ఇంటింటికీ తిరగాల్సిందే, సెంటినల్ సర్వేలు దండగ అంటాడు ఆయన. తెలియనివాళ్ల కోసం: ముందే ఎంచుకున్న కొన్ని ఆసుపత్రుల్లో, ప్రతిసారీ ఒకే పద్ధతిలో పరీక్షలు చేసి జబ్బు పెరుగుతోందా తగ్గుతోందా అని కనిపెట్టడమే సెంటినల్. మన దేశంలో హెచ్‌ఐవీకి 1998 నుంచి ఇలా చేస్తున్నారు. గర్భిణులు వచ్చే సెంటర్‌లో అయితే వరుసగా వచ్చిన 400 మంది రక్తం. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదా?

అరండల్‌పేట:
చాలదండీ. అడుగున మాడిన మెతుకు పట్టుకుని గిన్నెంతా మాడిందంటే ఎలా? మా గుంటూరు జిల్లాలో జరిగింది అదే. సెంటినల్ పద్ధతిలో లెక్కేస్తే జిల్లాలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 1,12,600 మంది. లలిత్ దండోనా అనే పరిశోధకుడి బృందం ఊళ్లలో, పట్నాల్లో జనం దగ్గరికే వెళ్లి, 15 నుంచి 49 ఏళ్ల లోపు 12,617 మందికి రక్తపరీక్ష చేసి లెక్కేస్తే వచ్చింది 45,900. 2006లో అచ్చయింది. రెండున్నర రెట్ల తేడా!

లెక్కలపిచ్చి:
అంత తేడా ఎక్కడిది?

అరండల్‌పేట:
ప్రైవేటు వాళ్లు పాజిటివ్ అని తేలినా, అనుమానం వచ్చినా గర్భిణిని ప్రభుత్వ పెద్దాసుపత్రికి పంపించేసేవాళ్లు. సెంటినల్ సెంటర్ ఉండేది అక్కడే. పైగా ఆ ఆసుపత్రులకు వచ్చేవాళ్లలో పేదవాళ్లు ఎక్కువ. దానికితోడు సుఖవ్యాధుల క్లినిక్‌లో వచ్చిన శాతాన్ని కూడా జనాభా లెక్కలోకి లాగారు. ఇక పెరగక ఏం చేస్తుంది?

ల్యాబ్‌గది:
ఆ రోజుల్లో నేను ఒక సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మీ లెక్కలు సరే, పని ఎలా జరిగేదో చెప్తాను. గర్భిణికి ఎలాగూ వీడీఆర్ఎల్ (సిఫిలిస్ అనే సుఖవ్యాధి పరీక్ష) కోసం రక్తం తీస్తాం. మిగిలిన సీరం చిన్న వయల్‌లో పోసి, పేరు లేకుండా కోడ్ నంబర్ మాత్రం అంటించి, ఐస్ పెట్టెలో వేరే ల్యాబ్‌కి పంపేవాళ్లం. కాగితం మీద వయసు, చదువు, ఊరా పట్నమా, భర్త పని, అంతే. ఆ వయల్ ఎవరిదో తర్వాత మాకూ తెలీదు. సిగ్గుపడో భయపడో ఎవరూ తప్పుకోకుండా ఉండాలనే ఆ ఏర్పాటు. కానీ 400 వయల్స్‌లో కొన్ని పాజిటివ్ వస్తాయని తెలుసు, ఆ అమ్మాయిలకు చెప్పే దారి లేదు. అదే మనసులో ముల్లులా ఉండేది. పక్క గదిలో కౌన్సెలింగ్, ఇష్టమైతే విడిగా పరీక్ష ఉండేవి కాబట్టి కొంచెం నయం.

అరండల్‌పేట:
ఇది ఇంకా బాధగా ఉంది మేడమ్.

లెక్కలపిచ్చి:
గుంటూరు సంగతి ఒప్పుకుంటున్నా. దేశం లెక్కే మారింది కదా. 50 లక్షలకు పైగా అన్నది 2007 జూలైలో 25 లక్షలకు దిగింది. మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో లక్ష మందికి పైగా రక్తం పరీక్షించారు, సెంటినల్ సెంటర్లూ పెంచారు, రెండూ కలిపి సరిదిద్దారు. కానీ నా పాయింట్ వేరే. తప్పు తూకం రాయి అయినా రోజూ అదే రాయి పెడితే సరుకు తగ్గుతోందో లేదో తెలుస్తుందిగా? 2000 నుంచి 2004 మధ్య దక్షిణాది రాష్ట్రాల్లో 15-24 ఏళ్ల గర్భిణుల్లో హెచ్‌ఐవీ 1.7 శాతం నుంచి 1.1కి తగ్గిందని చూపించింది ఈ సెంటినలే. ఇంటింటి సర్వే ఏటా చేయగలమా?

అరండల్‌పేట:
రోజూ అదే రాయి అని మీకెవరు చెప్పారు? ప్రైవేటు వాళ్లు పంపడం మానేసిన ఏడాది జబ్బు తగ్గకపోయినా లెక్క తగ్గుతుంది. ఆ మాటకొస్తే రాయి బరువు ఎంతో తెలుసుకోవడానికైనా అప్పుడప్పుడు ఇంటింటికీ వెళ్లాలి. దండగ అని నేను అనను, దాన్ని తలల లెక్కగా చూపించడం తప్పంటున్నా. గుంటూరు మిర్చికే కాదు హెచ్‌ఐవీకీ పేరుమోసింది అని బయటి ఊళ్లవాళ్లు అంటుంటే విన్నవాళ్లం మేం. పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఆ మాట వచ్చేది.

లెక్కలపిచ్చి:
నిధులు కూడా ఆ పెద్ద అంకె వల్లే వచ్చి ఉండొచ్చు.

అరండల్‌పేట:
ఉండొచ్చు. అయినా తప్పు లెక్కే.

ల్యాబ్‌గది:
మీ బావగారికి ఒక మాట చెప్పండి. ఇంటింటి సర్వేలో లారీ మీద ఉన్న డ్రైవరు దొరకడు, హాస్టల్లో, లాడ్జిలో ఉన్నవాళ్లు దొరకరు. దొరికినవాళ్లలోనూ కొందరు రక్తం ఇవ్వనంటారు. పొద్దున్నే సూది, సీసాలు పట్టుకుని ఆయన గుమ్మం ముందుకు వెళ్తే ముందు ఆయన చెయ్యి చాపుతారో లేదో అడిగి చెప్పండి.