ఎంఈసీ తర్వాత ఫైనాన్స్: ఢిల్లీనా, హైదరాబాదా, ప్రైవేటు బీబీఏనా?

ఖమ్మం కుర్రాడు
అన్నలకు, అక్కలకు నమస్తే. ఇంటర్ సెకండియర్ ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) చదువుతున్నాను. మాకు ఎరువుల షాపు ఉంది, జీఎస్టీ బిల్లులు, ఖాతా పుస్తకం నేనే చూస్తాను. ఫైనాన్స్‌లోకి వెళ్లాలని ఉంది. సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ రాసి ఢిల్లీ ఎస్‌ఆర్‌సీసీకి (శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్) ప్రయత్నించాలా, తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో సీటు తీసుకుని హైదరాబాద్‌లో బీకాం చేస్తూ సీఏ చదవాలా తేలడం లేదు. ఈలోపు ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు షాపుకే వచ్చి బీబీఏ ఫిన్‌టెక్ (ఫైనాన్స్, టెక్నాలజీ కలిపిన కోర్సు) బ్రోషర్ ఇచ్చి వెళ్లారు. ఏడాదికి మూడు లక్షలు. అప్పు చేసైనా కడతానంటున్నారు నాన్న. టెన్షన్‌గా ఉంది.

లెడ్జర్ అక్క
తమ్ముడూ, ఫైనాన్స్ అంటే నీ మనసులో ఏ పని ఉందో ముందు అది చెప్పు. నేను వరంగల్‌లో బీకాం కంప్యూటర్స్ చేసి, ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఒక విదేశీ సంస్థలో ఫండ్ అకౌంటింగ్ చేస్తున్నాను. అమెరికా మ్యూచువల్ ఫండ్లకు రోజూ ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, లెక్క కట్టడం మా పని. అక్కడ మార్కెట్ మూసేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది కాబట్టి నైట్ షిఫ్టులు తప్పవు. నేను షేర్లు కొని అమ్ముతుంటానని మా పెదనాన్న నమ్మకం, ఏది కొనమంటావని ఇప్పటికీ ఫోన్ చేస్తాడు!

మా ఆఫీసులో చేరడానికి ఏ కాలేజీ అన్నది పెద్దగా అడ్డు రాలేదు. జర్నల్ ఎంట్రీలు, ఎక్సెల్, తడబడకుండా మాట్లాడే ఇంగ్లిష్ చూశారు. అదే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్, కన్సల్టింగ్ అయితే డిగ్రీ పిల్లల కోసం వాళ్లు కొన్ని క్యాంపస్‌లకే వెళ్తారు. అక్కడ ఎస్‌ఆర్‌సీసీ పేరుకు నిజంగానే విలువ ఉంది. సీఏ కావాలంటే మాత్రం నీ కాలేజీ ఏదని సీఏ పరీక్షలు పెట్టే ఐసీఏఐ అడగదు, చదువుకోవడానికి టైమిచ్చే కాలేజీ దొరికితే చాలు.

ఇక ఆ బ్రోషర్. అందులో హయ్యెస్ట్ ప్యాకేజీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మధ్యలో ఉన్న పిల్లవాడికి ఎంత వచ్చింది, ఏ రోల్‌లో చేరాడు అని అడగండి. సేల్స్ ఎగ్జిక్యూటివ్‌నూ ‘ఫైనాన్స్ ప్లేస్‌మెంట్’ అనే రాస్తారు. బస్తా మీద ఎన్‌పీకే అంకెలు చూడకుండా మీ నాన్న సరుకు దించుకోరు కదా, ఇదీ అంతే. మొదటి ఏడాది, రెండో ఏడాది సిలబస్ కూడా అడగండి. మామూలు బీబీఏకు రెండు పేపర్లు కలిపి ఫిన్‌టెక్ అంటుంటే అన్ని లక్షలు దండగ.

కమలానగర్ రూమ్మేట్
ఢిల్లీ సంగతి నేను చెప్తా. సీయూఈటీ రాస్తే సరిపోదు, ఢిల్లీ యూనివర్సిటీ సీట్లు కేటాయించే సీఎస్‌ఏఎస్ పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ కావాలి. ఇది తెలియక సీటు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఎకనామిక్స్ ఆనర్స్‌కి, సుఖ్‌దేవ్ కాలేజీ బీబీఏ ఎఫ్‌ఐఏకి (ఫైనాన్షియల్ ఇన్వెస్ట్‌మెంట్ అనాలిసిస్) మ్యాథ్స్ పేపరు రాయాల్సిందే. నీది ఎంఈసీ కాబట్టి ఇబ్బంది లేదు, మ్యాథ్స్ లేని సీఈసీ వాళ్లకే కష్టం. అకౌంటెన్సీ పేపరుకు మన ఇంటర్ బోర్డు పుస్తకం ఒక్కటీ చాలదు. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్, రేషియోలు ఎన్‌సీఈఆర్‌టీలో చెయ్యి. ఫీజు ఆ మూడు లక్షల దరిదాపుల్లో కూడా ఉండదు. అసలు ఖర్చు పేయింగ్ గెస్ట్ గది అద్దె, తిండి.

ఆర్టికల్స్ అబ్బాయి
సీఏ తేలికని ఎవరైనా అంటే నమ్మకు. మొదటి మెట్టు ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు. ఒక్కోదాంట్లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. ఆ తర్వాత సీఏ ఇంటర్మీడియెట్ రెండు గ్రూపులూ అయ్యాక రెండేళ్లు ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర ట్రైనింగ్. స్టైపెండ్‌తో హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు కూడా వెళ్లదు, ఇంట్లో ముందే చెప్పు.

ఖమ్మం కుర్రాడు
అక్కా, కంపెనీల లెక్కలు చదివి ఏది బాగుందో తేల్చే పని నాకిష్టం. మీరు చెప్పినట్టే నాన్న ఆ యూనివర్సిటీకి ఫోన్ చేసి రోల్స్ అడిగారు. సర్‌తో మాట్లాడి మెయిల్ చేస్తామన్నారు.

లెడ్జర్ అక్క
అయితే మొదట సీయూఈటీ, ఢిల్లీ రాకపోతే దోస్త్‌లో హైదరాబాద్. సీఏ కూడా చేయాలనుకుంటే ఫౌండేషన్‌కి పరీక్షకు నాలుగు నెలల ముందే రిజిస్టర్ అయి ఉండాలి, ఆ తేదీ ఈ రోజే చూసుకో. ఆ మెయిల్ వచ్చేదాకా నాన్నను అడ్వాన్సు కట్టనివ్వకు.