అప్‌డేట్: రేల విత్తనాలు మొలిచాయి, బోరు నీళ్లు కారణం కాదు

మధురవాడ దగ్గర బోడిగా మారిన కొండవాలులో మళ్లీ అడవి చెట్లు పెంచాలని నర్సరీలో రేల గింజలు వేస్తే ఒక్కటీ మొలవలేదని, బోరు నీళ్లలో ఉప్పే కారణమా అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది గింజ పైపొరను గరుకు కాగితంతో రుద్దే చిట్కా. వృక్షశాస్త్రం చెప్పిన ఒక రిటైర్డ్ మేడమ్ గింజను కోసి చూపించారు. లోపల పిండం బాగానే ఉంది, పైపొరే నీటిని లోపలికి రానివ్వడం లేదు. అందుకే ఎంత నానబెట్టినా గింజ ఉబ్బలేదు. మొలక వచ్చే కొన వదిలేసి, ఒక పక్క పొర అరిగి లోపలి భాగం కనిపించేదాకా రుద్ది, రాత్రంతా నీళ్లలో ఉంచాం. పొద్దున ఉబ్బినవి నాటాం, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దాం. ఇప్పుడు కవర్ల నిండా మొలకలే! గింజలు ఎక్కువుంటే మరిగించి దించిన నీళ్లు పోసి చల్లారేదాకా వదిలేయడం తేలిక, కానీ మాకు అన్నీ ఒకేలా మొలవలేదు.

నీళ్ల టెస్ట్ రిపోర్టు మామూలుగానే వచ్చింది. కొందరు సూచించిన వర్మీకంపోస్ట్, శిలీంధ్రనాశని (బూజు మందు) అసలు అవసరమే లేదు.

వేపకి మాత్రం ఇదేం వద్దు. ఆ గింజలు నిల్వ ఉంటే కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది, పండు రాలగానే గుజ్జు కడిగి నాటేయాలి.