స్లీప్ స్టడీ అయ్యాక పిల్లల బుగ్గలు కందిపోతున్నాయి, ఏం మార్చాలి?

ప్రశ్న:
ఐదేళ్లలోపు పిల్లలకు రాత్రంతా స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాస, మెదడు తరంగాలు నమోదుచేసే పరీక్ష) చేసి, పొద్దున కాన్యులా (ముక్కు దగ్గర పెట్టే సన్నటి ట్యూబు) టేపు తీసేసరికి బుగ్గలు కందిపోతున్నాయి. కొందరికి టేపు అంచు వెంబడి నీటిపొక్కులు. నుదుటి మీద ఎలక్ట్రోడ్ (సిగ్నల్ అందుకునే చిన్న బిళ్ల) పెట్టినచోట గుండ్రటి మచ్చ. వదులుగా అంటిస్తేనేమో అర్ధరాత్రి సిగ్నల్ పోతోంది.

జవాబు 1:
పొక్కులు అంచు దగ్గరే లేస్తున్నాయంటే తేడా తీయడంలో కాదండీ, వేయడంలో. సాగదీసి అంటించిన టేపు రాత్రంతా వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, చర్మం పైపొరను కూడా లాగుతుంది. ముక్కను ముందే కత్తిరించుకుని, మధ్యభాగం ఆనించి, రెండు పక్కలకూ వేలితో అదుముతూ రండి. బుగ్గ మీద ముందు పలచటి హైడ్రోకొల్లాయిడ్ (చర్మాన్ని కాపాడే మెత్తటి పట్టీ) ముక్క వేసి, ట్యూబూ టేపూ దాని మీదే పెట్టండి. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేచిరావు. చంటిపిల్లలకైతే సిలికాన్ టేపే మేలు. కాకపోతే చొంగ తడి ఉంటే అది అంటదు, ముందు పొడిగా అద్దాలి.

జవాబు 2:
గుండ్రటి మచ్చ రుద్దుడు వల్ల. ఇంపిడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య విద్యుత్ నిరోధం) 5 కిలోఓమ్‌ల లోపు రాలేదని గరుకు జెల్‌తో మళ్లీమళ్లీ రుద్దితే చర్మం గీరుకుపోతుంది. దూదిపుల్లతో మెల్లగా మూడు నాలుగు సార్లు చాలు. చామనఛాయ పిల్లల్లో ఎర్రదనం ఆలస్యంగా కనబడుతుంది కాబట్టి రంగు చూసి కాదు, లెక్కపెట్టి ఆపండి. మిగిలిన జెల్‌ను తడి గాజుగుడ్డతో తుడిచాకే ఎలక్ట్రోడ్ పెట్టాలి.

అసలు సగం రుద్దుడు తలనూనె వల్లే. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే తల్లిదండ్రులకు చెప్పండి: ఆరోజు షాంపూతో తలంటాలి, నూనె, క్రీము, దిష్టిచుక్క వద్దు.

జవాబు 3:
ఆక్సీమీటర్ ప్రోబ్‌ను (రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి వేలికి పెట్టేది) మరచిపోకండి. కాలి బొటనవేలికి టేపు బిగించి చుడితే నొక్కుడు పుండు పడుతుంది. వేలి కొస కనబడేలా ఉంచి, నాలుగు గంటలకోసారి వేలు మార్చండి. చర్మం మీద కార్బన్ డయాక్సైడ్ కొలిచే సెన్సార్ 40 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఒకేచోట వదిలేస్తే కాలుతుంది. దాని చోటు మార్చే వేళ ముందే అలారం పెట్టుకోవాలి, చంటిపిల్లలకు ఇంకా త్వరగా మార్చాలి.

తీసేటప్పుడు టేపును పైకి ఎత్తకండి. సిలికాన్ రిమూవర్ అంచు కిందికి దిగేలా తడిపి, టేపును వెనక్కి మడిచి చర్మానికి ఆనించినట్టే లాగుతూ, రెండో చేతి వేలితో చర్మాన్ని అదిమిపట్టండి. తలలో ఎలక్ట్రోడ్ పేస్టు గోరువెచ్చటి నీళ్లకే పోతుంది. కొలోడియన్ (ఎలక్ట్రోడ్లను తలకు అంటించే గట్టి జిగురు) మాత్రం పసిపిల్లలకు వద్దు, దాన్ని వదిలించడానికి ఎసిటోన్ అనే ఘాటైన ద్రావకం వాడాల్సి వస్తుంది.