చేలో రాక్షసగూళ్ళు: రక్షిత స్థలం చేయాలా, వద్దా?

మెట్టరైతు:
మా చేలో గెట్టు పక్కన ఇరవై బండలు గుండ్రంగా పాతి ఉన్నాయి. రాక్షసగూళ్ళంటారు. వాటిని కేంద్ర రక్షిత కట్టడంగా ప్రకటించమని ఊళ్ళో కొందరు అర్జీ పెట్టారు. ప్రకటిస్తే చుట్టూ 100 మీటర్లలో కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు పర్మిషన్ కావాలి. నాకున్నదే రెండెకరాలు. మొత్తం దాంట్లోకే పోతుంది. నేను వద్దంటున్నా.

నిలువురాయి:
పొలం ఎక్కడికీ పోదండీ, మీ పేరు మీదే ఉంటుంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం 19వ సెక్షన్ చూడండి. రక్షిత స్థలం లోపల కూడా సాగు చేసుకోవచ్చు, అడుగు లోతు దాటకుండా. అడ్డుకునేది కట్టడాలని, తవ్వకాలని, క్వారీ పేలుళ్ళని. ఇనుపయుగం నాటి సమాధులవి. వాటిని పెకలించడం జేసీబీకి అర పూట పని.

మెట్టరైతు:
అడుగా? అడుగు లోతులో బోరు పడుతుందా?

కందిచేను:
పడితే మాకూ చెప్పు అన్నా.

నిలువురాయి:
నేను చెప్పింది దుక్కి గురించి, బోరు గురించి కాదు.

మెట్టరైతు:
టేపు పట్టుకుని దున్నాలా మరి?

పాతపెంకు:
నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. మీ ఊరి పేరూ వినబడొచ్చు.

మెట్టరైతు:
పేరు నాకెందుకు? బోరు సంగతి చెప్పండి.

నిలువురాయి:
మీలాంటివాళ్ళ వల్లే ఎన్నో గూళ్ళు కంకరయ్యాయి.

మెట్టరైతు:
కంకర చేసింది మేమా? నా చిన్నప్పుడు కొందరొచ్చి నడిమి గూడు తవ్వారు. పలకబండ ఎత్తితే ఎముకలు, తుప్పు పట్టిన కత్తి, కుండలు. ఒక కుండ నా చేతికిచ్చారు. బయట ఎరుపు, లోపలా అంచూ నలుపు, తడిమితే నున్నగా ఉంది. మళ్ళీ లాక్కున్నారు. అన్నీ జీపులో వేసుకుని పోయారు, గుంట పూడ్చలేదు. మా దూడ కాలు విరిగింది దాంట్లో పడే. మా తాత బతికున్నన్నాళ్ళూ ఆ బండల మధ్య కర్రు దింపలేదు, రాక్షసులు లేస్తారని. కాపాడింది మేము, రూల్సూ మాకేనా? ఆ కుండలెక్కడున్నాయో ముందు చెప్పండి.

నిలువురాయి:
అది తప్పే. గుంట పూడ్చాల్సింది, ఏం దొరికిందో ఊరికి చెప్పాల్సింది. సరే, తాత కర్రు దింపలేదు. మరి మీరు?

మెట్టరైతు (రెండు రోజుల తర్వాత):
నిరుడు ఒక బండ జరిపా. ట్రాక్టరు తిరగట్లేదని.

కందిచేను:
రాక్షసులు లేచారా?

నిలువురాయి:
నవ్వకండి. ఏ వైపు బండ అన్నా? అది ఉన్న చోటు ఇంకా తెలుస్తుంటే పూడ్చకుండా ఫొటో పెట్టండి.

మెట్టరైతు:
తూర్పు వైపుది. ఆ చోట ఇప్పుడు ఆముదం మొక్క మొలిచింది. ఫొటో పెడతా. అర్జీ మీద సంతకం మాత్రం పెట్టను.