అప్‌డేట్: ఉబుంటు డెస్క్‌టాప్ నుంచి సర్వర్‌కి మారిపోయాను

ఇంట్లో వెబ్ సర్వర్‌గా వాడుతున్న పాత పీసీలో ఉబుంటు (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) డెస్క్‌టాప్ 22.04 ఉంది, గ్రాఫిక్స్ (విండోలు, ఐకాన్ల తెర) తీసేస్తే సరిపోతుందా, సర్వర్ ఎడిషన్ కొత్తగా వేయాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. రెంటికీ ప్యాకేజీలు వచ్చేది ఒకే చోటి నుంచి కాబట్టి మొదటి దారీ తప్పు కాదు. కానీ ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తంతా వదిలించుకోవాలనిపించి, కొత్త ఎస్ఎస్‌డీలో సర్వర్ 24.04 వేశాను. పాత డిస్క్‌ని ముట్టుకోలేదు. తేడా వస్తే వెనక్కి వెళ్లొచ్చన్న ధైర్యం ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

డేటాబేస్ ఫోల్డర్‌ని కాపీ చేయకుండా డంప్ (డేటా అంతా ఒక ఫైల్‌గా ఎగుమతి) తీసి ఎక్కించమని మీలో కొందరిచ్చిన సలహా బంగారం. అపాచీ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) సెట్టింగులు, సర్టిఫికెట్లు, క్రాన్ పనులు (టైమ్ ప్రకారం వాటంతటవే నడిచేవి) కూడా తెచ్చుకున్నాను. సైట్లు నడిచే భాష పీహెచ్‌పీ 8.1 నుంచి 8.3 అయింది కాబట్టి సైట్ కాన్ఫిగ్‌లో వెర్షన్ నంబర్ ఉన్న సాకెట్ (అపాచీ పీహెచ్‌పీతో మాట్లాడే ఫైల్) పేరు మార్చాల్సి వచ్చింది.

అసలు కసరత్తు నెట్‌వర్క్ దగ్గరే. సర్వర్‌లో స్టాటిక్ ఐపీని (మారని నెట్‌వర్క్ అడ్రస్) నెట్‌ప్లాన్ (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగుల టూల్) ఫైల్‌లో రాయాలి, అందులో ట్యాబ్‌లు పనికిరావు, స్పేస్‌లే వాడాలి. మానిటర్ లేకుండా ఎస్ఎస్‌హెచ్‌లో (వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయి) చేసేవాళ్లు 'నెట్‌ప్లాన్ ట్రై' కమాండ్ తప్పక వాడండి. 120 సెకన్లలో మీరు ఓకే చేయకపోతే పాత సెట్టింగ్ దానంతటదే తిరిగొస్తుంది.

ఇంకొకటి: ఇన్‌స్టాలర్ ఎల్వీఎం (డిస్క్ భాగాల సైజు తర్వాత మార్చుకునే పద్ధతి) పెట్టి, పెద్ద డిస్క్‌లో కూడా రూట్‌కి (సిస్టమ్ ఉండే ప్రధాన భాగం) 100 జీబీ మాత్రమే ఇస్తుంది. మిగతాది తర్వాత పెంచుకోవచ్చు.

సైట్లన్నీ నడుస్తున్నాయి, ర్యామ్ వాడకం బాగా తగ్గింది. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.