మెడ వంగని వాళ్లు కుట్టు మిషన్‌ను ఎలా సర్దుకుంటున్నారు?

మర్రిగూడ అక్క:
బోరు నీళ్లు తాగి పెరిగినదాన్ని. ఫ్లోరైడ్‌తో మెడ, నడుము బిగుసుకుపోయాయి. 19 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నా. ఇప్పుడు సూది కనబడాలంటే ఒళ్లంతా ముందుకు వాల్చాలి. రెండు జాకెట్లు కుట్టేసరికి చేతులు లేవడం లేదు. ఇంట్లో మానేయమంటున్నారు, నాకు మానాలని లేదు. ఎవరైనా మిషన్‌కు మార్పులు చేయించుకున్నారా?

చండూరు టైలర్:
అక్కా, ముందు మోటార్ పెట్టించండి. నాకు రెండు కాళ్లకూ పోలియో. మోటార్ పెడల్‌ను నేల మీద కాకుండా పక్కన స్టూల్ మీద పెట్టి మోచేత్తో నొక్కుతా. మొదటి వారం కుట్టు వంకరపోయింది, పాత లుంగీల మీద కుట్టి కుట్టి చేయి కుదిరింది. కాళ్లతో తొక్కే పని పోయాక స్టాండు ఎంత ఎత్తయినా ఫర్వాలేదు. స్టాండు కాళ్ల కింద ఇటుకలు పెట్టండి, వెనక వైపు కాస్త ఎక్కువ. బల్ల మీ వైపు వాలి సూది ఎదురుగా కనిపిస్తుంది. ఎక్కువ వాలిస్తే గుడ్డ ఒళ్లోకి జారుతుంది, చూసుకోండి.

పుట్టపాక నేత:
మా అమ్మకు భుజం పోయింది ఆసు పోసే, అంటే చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టీ చుట్టీ. ఒక్క చీరకు వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడాలి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ నొప్పి చూడలేకే ఆసు యంత్రం చేశారు, ఆమె పేరే దానికి పెట్టారు, లక్ష్మి అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. మా ఇంట్లోకి ఆ యంత్రం వచ్చాక అమ్మ తన జడ తానే వేసుకుంటోంది.

పాలమూరు క్లర్క్:
నాకు చూపు లేదు. కంప్యూటర్ తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. చిక్కల్లా అను ఫాంట్‌తోనే. అందులో టైప్ చేసిన ఉత్తరం వస్తే అర్థం లేని అక్షరాలే వినిపిస్తాయి. ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లో పంపమని మా ఆఫీసులో ఏడాది బతిమాలా. చివరికి 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ రాసి దరఖాస్తు పెట్టాకే కదిలారు. ప్రభుత్వ ఆఫీసు మన పనికి తగిన ఏర్పాట్లు చేసి తీరాలని అందులో ఉంది. మొహమాటపడకండి, కాగితం మీద పెట్టండి.

చండూరు టైలర్:
అక్కా, వైకల్యం ఎంత శాతమో చూపే సర్టిఫికెట్ తీసి ఉంచుకోండి. చాలా పథకాలకు కనీసం 40 శాతం ఉంటేనే అడగగలం.

మర్రిగూడ అక్క:
మోటార్ పెట్టించా అన్నా. ముందు కాళ్ల కింద ఒక ఇటుక, వెనక ఒకటిన్నర. నిన్న మూడు జాకెట్లు కుట్టా, గోడకు ఆనుకోకుండానే లేచా. ఇంకొక్కటి, పైనున్న రీలు మార్చడానికి చేయి అందడం లేదు.

చండూరు టైలర్:
రీలు పైన పెట్టకండి. పక్కన స్టీలు గ్లాసులో వేసి అక్కడి నుంచి దారం లాగండి.