ఆర్డుయినో ఊనో బోర్డులో 2 కేబీ ర్యామ్ చాలట్లేదు: సర్దుకోవాలా, బోర్డు మార్చాలా?

బ్రాడీపేట కుర్రాడు:
గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి టెంపరేచర్ లాగర్ చేస్తున్నాను. నాలుగు గదులు, గదికో డీఎస్18బీ20 సెన్సర్. అయిదు నిమిషాలకో రీడింగ్, చివరి 24 గంటలవి ఎప్పుడూ ఉండాలి. కొత్తది రాగానే అన్నిటికన్నా పాతది చెరిగిపోవాలి. గదికి 288, మొత్తం 1152 విలువలు. ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యగా, ఒక్కోటి నాలుగు బైట్లు) పెడితే 4608 బైట్లు, ఊనోలో ఉన్న ర్యామే 2048. కంపైల్ దగ్గరే చోటు లేదని ఎర్రగా చూపిస్తోంది. ఊనో, ఐ2సీ (రెండు తీగల కనెక్షన్) ఎల్‌సీడీ బాక్సులో బిగించేశాను. ఏం చేయమంటారు?

బెంజ్ సర్కిల్:
ఇంకా ఊనో ఏంటి తమ్ముడూ? ఈఎస్‌పీ32 బోర్డు పెట్టెయ్, 520 కేబీ ర్యామ్. బైట్ల దగ్గర పీనాసితనం ఎందుకు?

ఆటోనగర్ టంకం:
కరెంటు పోతే 2 కేబీ అయినా 520 కేబీ అయినా ఖాళీయే కదా అన్నా. కరెంటు పోయి వచ్చాక కూడా పాత లెక్క ఉండటమే ఆ యజమానికి ముఖ్యం.

తమ్ముడూ, ముందు ఫ్లోట్ వదిలెయ్. ఆ సెన్సర్ కచ్చితత్వమే అర డిగ్రీ అటూ ఇటూ, దానికి నాలుగు బైట్లా? పదితో హెచ్చవేసి ఒక్క బైట్‌లో పెట్టు. 6.4 డిగ్రీలైతే 64. మొత్తం 1152 బైట్లలో సరిపోతుంది.

లంక ల్యాబ్:
ప్రోగ్‌మెమ్ (డేటాను ర్యామ్‌లో కాక, ప్రోగ్రామ్ ఉండే ఫ్లాష్ మెమరీలో ఉంచడం) వాడొచ్చుగా? ఫ్లాష్ 32 కేబీ ఉంది.

ఆటోనగర్ టంకం:
అందులోకి డేటా ఎక్కేది స్కెచ్ (ప్రోగ్రామ్) అప్‌లోడ్ చేసినప్పుడే. నడుస్తుండగా చదవడమే తప్ప మార్చడం కుదరదు. ఎల్‌సీడీ మెసేజ్‌లు అందులోకి తోసెయ్, కాస్త ర్యామ్ మిగులుతుంది.

బెంజ్ సర్కిల్:
ఒక్క బైట్‌లో పట్టేది 255, అంటే 25.5 దాకానే. మే నెలలో తలుపులు బార్లా తీసి బస్తాలు దించుతుంటే 30 కూడా చూపిస్తుంది. అప్పుడు 300 బైట్‌లో పట్టక, 256 పోయి 44గా మిగులుతుంది, అంటే 4.4 డిగ్రీలు! రిపోర్టులో గది చల్లగా ఉంటుంది, లోపల మిర్చి రంగు పోతుంటుంది. ఈఎస్‌పీ32 అయితే ఫ్లాష్‌లోనే ఫైలుగా రాసుకోవచ్చు, కరెంటు గొడవ కూడా ఉండదు.

ఆటోనగర్ టంకం:
నిజమే, ఆ బగ్ పట్టుకోవడం చాలా కష్టం. పదికి బదులు అయిదుతో హెచ్చవేస్తే 50.8 దాకా పడుతుంది, 255ని ఖాళీ గుర్తుగా ఉంచుకోవచ్చు. ఈ సెన్సర్‌కి 0.2 డిగ్రీల మెట్టు ధారాళంగా చాలు.

ఏటీ అగ్రహారం:
ఊనోలోనే ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ ఉంది, కరెంటు పోయినా చెరగదు. కాకపోతే 1024 బైట్లే. పది నిమిషాలకోసారి రాస్తే 576 చాలు. బస్తాలతో నిండిన గది అయిదు నిమిషాల్లో ఏం మారిపోతుంది?

ఒక్క జాగ్రత్త. తర్వాత ఎక్కడ రాయాలన్న లెక్కను ఒకే గడిలో (ఒక బైట్ చోటులో) దాచొద్దు. గడికి లక్ష రాతలే భరోసా. రోజుకు 144 సార్లు రాస్తే రెండేళ్లు తిరక్కుండానే ఆ లక్ష అయిపోతాయి. దాని బదులు, విలువ రాసిన ప్రతిసారీ తర్వాతి గడిలో 255 పెట్టుకుంటూ వెళ్లు. కరెంటు రాగానే 255 ఎక్కడుందో వెతుక్కుని అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు. ఒక్కో గడికి రోజుకు రెండే రాతలు పడతాయి.

లంక ల్యాబ్:
ఎస్‌డీ కార్డు?

ఏటీ అగ్రహారం:
దాని లైబ్రరీ (కార్డుతో మాట్లాడే కోడ్) ర్యామ్‌లో తీసుకునే బఫరే 512 బైట్లు. ఉన్న ర్యామ్‌లో పావు వంతు దానికే పోతుంది.

బ్రాడీపేట కుర్రాడు:
యజమానిని అడిగాను. పది నిమిషాలు చాలన్నారు గానీ, ఇప్పుడు వారం రోజుల లెక్క కావాలంటున్నారు. 4032 బైట్లు!

ఆటోనగర్ టంకం:
అయితే ఈఈప్రామ్ కుదరదు. 32 కేబీ ఎఫ్‌ర్యామ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) చిప్ తెప్పించు, ఎల్‌సీడీకి వెళ్లే ఐ2సీ తీగల మీదే కలిపెయ్. లక్ష కోట్ల రాతలు తట్టుకుంటుంది, అరుగుదల లెక్కలే అక్కర్లేదు. బాక్సు విప్పి నాలుగు టంకాలు వేస్తే చాలు.

బెంజ్ సర్కిల్:
వచ్చే సీజన్‌కి నెల రోజులవి అడుగుతారు చూడు. అప్పుడు నా దగ్గరికే వస్తావు.

ఆటోనగర్ టంకం:
నెలకి 17,280 బైట్లే అన్నా. ఆ 32 కేబీలోనే పడుతుంది.